ఆ వయసు నవలలు నాకెందుకంటే...

1977లో అమెరికాలో ‘ఐ యామ్ ద చీజ్’ అని ఒక నవల వచ్చింది. రాసింది రాబర్ట్ కార్మియర్. మసాచుసెట్స్ రాష్ట్రంలో లెమిన్‌స్టర్ అనే ఊరు ఆయనది, పత్రికలో విలేకరిగా పనిచేసిన మనిషి. ఆ నవలలో ఆడమ్ అనే కుర్రాడు తన స్నేహితురాలికి ఫోన్ చేస్తుంటాడు. నంబరు అంకెలతో సహా అచ్చయింది. చదివిన పిల్లలు ఊరుకుంటారా? నిజంగా ఉందేమో చూద్దామని ఆ నంబరు తిప్పారు. అవతల మోగింది. ఎత్తింది రచయితే! ఉత్తుత్తి నంబరు కనిపెట్టడం ఎందుకని కార్మియర్ తన ఇంటి నంబరే కథలో పెట్టేశాడు. ఏళ్ల తరబడి ఎక్కడెక్కడి పిల్లలో ఆ ఇంటికి ఫోన్లు చేశారు. ఆయన వాళ్లతో మాట్లాడాడు.

ఈ సంగతి తెలిశాక కార్మియర్ మీద నాకు ఇష్టం కలిగింది. అంతకు ముందు ఆయనంటే భయం ఒక్కటే ఉండేది. ఎందుకు భయమో కాసేపాగి చెబుతాను.

పన్నెండు దాటి ఇరవై నిండని పిల్లల కోసమని ఇంగ్లిష్ ప్రచురణకర్తలు వేరే అర పెట్టి అమ్మే నవలలివి. యంగ్ అడల్ట్ అంటారు. మన పిల్లల నోట్లో అది ‘వైఏ’ అయిపోయింది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో సిడ్నీ షెల్డన్, జేమ్స్ హాడ్లీ ఛేజ్‌ల పక్కన ఇప్పుడు వీటి గుట్టలు కూడా కనిపిస్తున్నాయి. నేను విమర్శకురాలిని కాను, పాఠాలు చెప్పేదాన్నీ కాను. చదువుతాను, అంతే. నచ్చితే నెత్తిన పెట్టుకుంటాను, నచ్చకపోతే నాలుగో అధ్యాయంలోనే మూసేస్తాను. కాబట్టి కింద రాసినదంతా సొంత పైత్యం. ఎవరైనా తిడితే పడతాను.

నాకున్న కొలబద్ద ఒక్కటే. కథ చెబుతున్న పిల్లకో పిల్లాడికో రేపేం జరుగుతుందో తెలియకూడదు. వాళ్ల భుజం మీంచి నలభై ఏళ్ల రచయిత తొంగిచూసి, ‘ఏం ఫర్లేదురా, ఇవన్నీ దాటిపోతాయి’ అనకూడదు. పదహారేళ్లప్పుడు ఏదీ దాటిపోయేలా ఉండదు. స్నేహితురాలు రెండు రోజులు మాట్లాడకపోతే కొంప మునిగినట్టే. ఆ మునగడాన్ని మునగడంగానే రాసినవాళ్లంటే నాకు ఇష్టం. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుని ముచ్చటపడుతూ రాసేది వేరే సాహిత్యం. అది మన తెలుగులో బోలెడుంది. దాని సంగతికీ వస్తాను.

డి గ్రేడు పిల్ల

1967లో వచ్చిన సుసాన్ హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’తోనే ఈ నవలలు మొదలయ్యాయని చాలామంది అంటారు. అందులో కొంచెం అతి ఉంది. 1942లోనే మోరీన్ డేలీ ‘సెవెన్టీన్త్ సమ్మర్’ రాసింది. కానీ డేలీ నవల ఒక వేసవి ప్రేమకథ. హింటన్ నవల కత్తులు, గొడవలు, చావులు. ఓక్లహోమాలోని టల్సాలో హైస్కూలు చదువుతూ సుసాన్ హింటన్ దాన్ని మొదలుపెట్టేనాటికి పదిహేనేళ్లు. అచ్చయ్యేనాటికి పద్దెనిమిది. ఆ నవల రాస్తున్న ఏడాదే బళ్లో క్రియేటివ్ రైటింగ్‌లో ఆ పిల్లకు వచ్చింది డి గ్రేడు. (మార్కుల సంగతి తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు.) మగపిల్లల ముఠాల కథ ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు తీసిపారేస్తారని ప్రచురణకర్తలు పేరును ఎస్.ఇ. హింటన్ అని కుదించారు.

డబ్బున్న పిల్లల ముఠా ఒకటి, లేని పిల్లల ముఠా ఒకటి. లేనివాళ్ల వైపు పోనీబాయ్ అనే పద్నాలుగేళ్లవాడు. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోతే అన్నల దగ్గర పెరుగుతుంటాడు. ఇప్పుడు చదివితే ఏడుపులు కాస్త ఎక్కువే అనిపిస్తాయి. పాత్ర వచ్చిందంటే చాలు, కళ్ల రంగు చెబుతుంది. అయినా ఎక్కడా నాకు విసుగు రాలేదు. ఎందుకంటే ఆ అతి కూడా ఆ వయసుదే. పెద్ద రచయిత అయితే దాన్ని చక్కగా చెక్కేసి ఉండేవాడు, పుస్తకం చచ్చిపోయి ఉండేది.

ఈ నవలను మోసింది బళ్లలోని టీచర్లు, పిల్లలు. 1980లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో దగ్గర ఒక బడి లైబ్రేరియన్, పిల్లల సంతకాలు పెట్టించి, దీన్ని సినిమా తీయమని ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలాకు ఉత్తరం రాసింది. ‘గాడ్‌ఫాదర్’ తీసిన మనిషి ఆ ఉత్తరాన్ని పట్టించుకుని 1983లో నిజంగానే తీశాడు. టామ్ క్రూజ్‌ది అందులో చిన్న వేషం. 2024లో అదే కథ బ్రాడ్‌వే మీద ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు కొట్టింది.

తలకు యాభై పెట్టెలు

ఇప్పుడు భయం సంగతి. కార్మియర్ రాసిన ‘ది చాక్లెట్ వార్’ 1974లో వచ్చింది. ట్రినిటీ అని మగపిల్లల క్యాథలిక్ బడి. నిధుల కోసం ఏటా పిల్లలతో చాక్లెట్లు అమ్మిస్తారు. ఈసారి కిందటేడాదికి రెట్టింపు సరుకు, రెట్టింపు ధర. మొత్తం ఇరవై వేల పెట్టెలు, తలకు యాభై. బ్రదర్ లియోన్ అనే టీచరు రోజూ హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలుస్తాడు. పిలిచినవాడు ఎన్ని అమ్మాడో అందరిముందూ చెప్పాలి. జెర్రీ అనే కొత్త కుర్రాడు, తల్లి పోయి ఎంతోకాలం కాలేదు, తాను అమ్మనంటాడు. అసలు అలా అనమన్నది బళ్లో ఉన్న రహస్య ముఠా. పది రోజులు అని, ఆ తర్వాత ఒప్పేసుకోవాలి, అదీ వాళ్లు పెట్టిన షరతు. పదకొండో రోజు పేరు పిలిచారు. జెర్రీ మళ్లీ అమ్మనన్నాడు. ఎందుకన్నాడో వాడికే సరిగ్గా తెలియదు. నవలలో నాకు బాగా నచ్చిన చోటు అదే. వాడికి తెలియదు కాబట్టి కార్మియర్ మనకూ చెప్పడు.

విరాళాల కార్డులు, లక్కీడిప్ టిక్కెట్ల పుస్తకాలు చేతికిచ్చి పంపిన బళ్లలో చదివినవాళ్లకు ఈ సన్నివేశాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రార్థన అయ్యాక టీచరు రోల్ నంబర్ల వారీగా లేపి అడగడం, అమ్మలేనివాడు నేల చూపులు చూడడం, చివరి రోజున వాళ్ల నాన్నే గొణుక్కుంటూ టిక్కెట్లన్నీ కొనేయడం. మన దగ్గర కథ అక్కడితో తెమిలిపోతుంది. కార్మియర్ తెమలనివ్వడు. ఆయన కొడుకు కూడా ఒకసారి బళ్లో చాక్లెట్లు అమ్మనన్నాడు. ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. అయ్యుంటే ఎలా ఉండేదన్న ఆలోచనలోంచి ఈ నవల పుట్టింది.

జెర్రీ ఓడిపోతాడు. మామూలుగా కాదు, బడి బడంతా చూస్తుండగా దెబ్బలు తిని, తన ఒక్కగానొక్క స్నేహితుడితో ‘వాళ్లేం చెబితే అది చేసెయ్’ అనే అర్థం వచ్చేలా మాట్లాడే స్థితికి వస్తాడు. ముగింపు మార్చితే వేస్తామన్న ప్రచురణకర్తలున్నారు, ఆయన మార్చలేదు. 1988లో వచ్చిన సినిమా మాత్రం మార్చేసింది. చూడకండి. అమెరికాలో లైబ్రరీల్లోంచి పుస్తకాలు తీసేయమని తల్లిదండ్రులు ఫిర్యాదులు పెడుతుంటారు. అక్కడి లైబ్రరీ అసోసియేషన్ ఏటా ఆ జాబితా ప్రకటిస్తుంది. 2004 జాబితాలో మొదటి పేరు ‘ది చాక్లెట్ వార్’. అచ్చయి ముప్పై ఏళ్లయినా అది పెద్దవాళ్లకు మింగుడుపడలేదన్నమాట. నా భయమూ అదే. ధైర్యవచనాలు చెప్పని మనిషి ఆయన. మరి ఆ మనిషే పిల్లలు ఫోన్ చేస్తే ఎత్తాడు! రెండూ కలిపి ఆలోచిస్తే తప్ప ఆయన అర్థం కాడు.

చీట్లలో ఎవరి పేరు ఎన్నిసార్లు

సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ (2008) అనగానే విల్లు, బాణాలు, నాయిక కాట్నిస్‌కు ఇద్దరు అబ్బాయిల్లో ఎవరు తగినవాడన్న వాదన. నాకు మాత్రం గుర్తుండిపోయింది మొదటి అధ్యాయంలోని ఒక లెక్క. పన్నెండు జిల్లాల నుంచి ఏటా ఒక అమ్మాయి, ఒక అబ్బాయి పేరు చీటీ తీస్తారు. తగిలినవాళ్లు చచ్చేదాకా కొట్టుకునే ఆటకు వెళ్లాలి. పన్నెండేళ్లకు పేరు ఒకసారి వేస్తారు, పదమూడేళ్లకు రెండుసార్లు, అలా పద్దెనిమిది వచ్చేసరికి ఏడు. అందరికీ సమానమే కదా అనిపిస్తుంది. మెలిక ఇక్కడుంది: ఇంట్లో తిండి లేకపోతే పేరు ఇంకోసారి వేయించుకోవచ్చు. దానికి బదులు ఒక మనిషికి ఏడాదికి, అదీ అరకొరగా, ధాన్యం, నూనె ఇస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్నిసార్లు వేయించుకోవచ్చు. అవన్నీ ఏటికేడు కలుస్తూ పోతాయి. అమ్మ, చెల్లి, తాను. ఈ ముగ్గురి తిండి కోసం కాట్నిస్ పేరు పదహారేళ్లకు ఇరవై చీట్ల మీద ఉంది. ఐదుగురున్న ఇంటి పెద్దకొడుకు గేల్‌కు పద్దెనిమిదేళ్లు, వాడి పేరు నలభై రెండు చీట్ల మీద. మేయర్ కూతురి పేరు ఐదు చీట్లకు మించదు.

రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కించడానికి మండలాఫీసు చుట్టూ తిరిగిన ఏ ఇంటికైనా ఈ లెక్క ఇట్టే ఎక్కుతుంది. పేరుకు లాటరీయే, కానీ ఆకలి ఎక్కువున్నవాడి మెడకే ఎక్కువసార్లు చుట్టుకుంటుంది. పేదరికం ఎలా పనిచేస్తుందో పన్నెండేళ్ల పిల్లకు అర్థమయ్యేలా ఇంత పకడ్బందీగా చెప్పిన పేజీలు పెద్దల నవలల్లో కూడా నేను ఎక్కువ చూడలేదు. ఒక రాత్రి టీవీ చానళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో పోటీ, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం కనిపించి, రెండూ కళ్లముందు కలిసిపోయాయని, ఈ కథ అక్కడ పుట్టిందని కాలిన్స్ చెప్పుకుంది. మినోటార్‌కు ఏథెన్స్ పిల్లల్ని బలిగా పంపే గ్రీకు కథ కూడా ఆవిడ మనసులో ఉందట.

మూడో పుస్తకం ‘మాకింగ్‌జే’ (2010) మీద అభిమానులకు కోపం. కాట్నిస్ వీరనారిలా గెలిచి కేరింతలు కొట్టదు. మందుల మత్తులో, పీడకలల్లో మిగిలిపోతుంది. నా ఓటు ఆ పుస్తకానికే. చంపి వచ్చిన పదిహేడేళ్ల పిల్ల ఇంకెలా ఉంటుంది?

ఆ తర్వాత వచ్చిన వరద గురించి ఎక్కువ చెప్పను. కూలిపోయిన ప్రపంచం, దుర్మార్గపు ప్రభుత్వం, ముఠాలుగా విడిపోయిన జనం, ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, మూడు భాగాలు. వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ (2011) వాటిలో బాగా అమ్ముడైంది. మొదటి భాగం రైల్లో కూర్చుంటే అయిపోతుంది, రెండోది చదువుతుంటే ప్రయాణం అయిపోతే బాగుండనిపిస్తుంది. చివరి భాగాన్ని రెండు సినిమాలుగా తీద్దామనుకున్నారు. మొదటి సగం 2016లో బోల్తా కొట్టింది, రెండో సగం తీయనే లేదు. ‘ట్విలైట్’ని వెక్కిరించడం ఫ్యాషన్ కాబట్టి నేను వెక్కిరించను. కానీ వందేళ్లు దాటిన రక్తపిశాచి ఇంకా హైస్కూలుకే ఎందుకు వెళుతున్నాడో ఎవరైనా నాకు చెప్పాలి.

‘నీ వయసేంటి పిన్నీ!’

ఇలాంటివి చదువుతున్నానని మా అక్క కూతురికి నా మీద చిన్నచూపు. ఇంటర్ రెండో ఏడాది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా నా అలమరా మీద పడుతుంది.

‘‘ఇవి మా వయసువాళ్ల కోసం పిన్నీ. నీకెందుకు?’’

‘‘డబ్బులు పెట్టి కొంటున్నది నేనే కదే.’’

ఆ మాట నేను సరదాకే అన్నాను గానీ లెక్కలు నా వైపే ఉన్నాయి. 2012లో బౌకర్ సంస్థ అమెరికాలో చూస్తే, పన్నెండు నుంచి పదిహేడేళ్ల వాళ్ల కోసం అని ముద్రవేసిన పుస్తకాలు కొంటున్నవాళ్లలో 55 శాతం మంది పద్దెనిమిదీ ఆపైన ఉన్నవాళ్లే. వాళ్లలోనూ ముప్పై నుంచి నలభై నాలుగేళ్ల వాళ్లే ఎక్కువ. 2014లో ‘స్లేట్’ పత్రికలో రూత్ గ్రాహమ్ అనే రచయిత్రి, పిల్లల కోసం రాసినవి చదువుతున్నందుకు పెద్దవాళ్లు సిగ్గుపడాలని వ్యాసం రాస్తే పెద్ద దుమారం రేగింది. నేనైతే సిగ్గుపడను. ఒక్క విషయంలో మాత్రం ఆవిడకు సగం మార్కులు ఇస్తాను. కొనేది మనమని తెలిశాక ప్రచురణకర్తలు మన కోసమే వండడం మొదలుపెట్టారు. పేరుకు పదిహేడేళ్ల నాయిక, మాటలూ మోహాలూ ముప్పై ఏళ్ల ఆవిడవి. పదమూడేళ్ల పిల్ల ఆ అర దగ్గరికి వెళితే తనకంటూ దొరికేవి ఇదివరకటి కంటే తగ్గిపోతున్నాయి. ఇందులో నాలాంటి వాళ్ల పాపం కూడా ఉంది.

మా పిల్లకు అన్నింటికంటే ఇష్టమైనది జాన్ గ్రీన్ ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ (2012). క్యాన్సర్ ఉన్న ఇద్దరు పిల్లల, హేజెల్, ఆగస్టస్‌ల ప్రేమ. హైదరాబాద్, విజయవాడ పిల్లల సంచుల్లో నేను ఎక్కువగా చూసింది ఈ పుస్తకాన్నే, సగం నకిలీ ప్రతులు. ఇందులోని పిల్లలు మరీ తెలివిగా మాట్లాడతారు. నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా చమత్కారం వదలరు. అది నాకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంటుంది. కానీ ఒక ఘట్టం ముందు నా గొణుగుడంతా ఆగిపోతుంది. హేజెల్‌కు ప్రాణమైన నవల ఒకటుంటుంది. అది వాక్యం మధ్యలో ఆగిపోతుంది, ఎందుకంటే కథ చెప్పే అమ్మాయి అక్కడ చచ్చిపోయింది. తర్వాత మిగిలినవాళ్లు ఏమయ్యారో చెప్పమని అడగడానికి హేజెల్, ఆగస్టస్ ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళతారు. తలుపు తీసిన రచయిత తాగి ఉంటాడు, దుర్మార్గంగా మాట్లాడతాడు, ఏమీ చెప్పడు. తాను పోయాక అమ్మానాన్న ఎలా బతుకుతారన్నదే ఆ పిల్ల అసలు ప్రశ్న. గ్రీన్ ఒకప్పుడు పిల్లల ఆసుపత్రిలో మతబోధకుడి శిక్షణలో పనిచేశాడు. ఆ ప్రశ్న అక్కడ విన్నదే అయ్యుంటుందని నా ఊహ. హిందీలో ‘దిల్ బెచారా’ (2020)గా తీసినప్పుడు కథ జంషెడ్‌పూర్‌కు వచ్చింది, ఆమ్‌స్టర్‌డామ్ పారిస్ అయింది, రచయిత కాస్తా పాటగాడయ్యాడు. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయాక వచ్చిన సినిమా కాబట్టి జనం వేరే దుఃఖంతో చూశారు.

ఒక్కటే చదువుతాను, ఏదో చెప్పు అని ఎవరైనా అడిగితే నా జవాబు వాల్టర్ డీన్ మైయర్స్ ‘మాన్‌స్టర్’ (1999). 2000లో టీనేజీ నవలలకు కొత్తగా పెట్టిన ప్రింట్జ్ అవార్డు మొట్టమొదట దీనికే ఇచ్చారు. హార్లెమ్‌లో ఉండే పదహారేళ్ల నల్లజాతి కుర్రాడు స్టీవ్ హత్య కేసులో జైల్లో ఉంటాడు. మందుల షాపు దోపిడీలో యజమాని చనిపోయాడు, స్టీవ్ ముందుగా లోపలికి వెళ్లి పోలీసులు ఉన్నారా లేరా చూసి వచ్చాడని ఆరోపణ. వాడికి సినిమాల పిచ్చి. అందుకని తన విచారణను తానే స్క్రీన్‌ప్లేగా రాసుకుంటాడు. క్లోజప్, లాంగ్‌షాట్, కట్. మధ్యమధ్య చేతిరాతలో డైరీ. వాడికి ఆ దోపిడీలో నిజంగా భాగముందా లేదా? చివరిదాకా తేలదు. సినిమా రాసేవాడు తనకు కావాల్సిన చోటే కెమెరా పెడతాడు కదా! విడుదల తీర్పు వచ్చాక ఆనందంతో చేతులు చాచి తన లాయర్ దగ్గరికి వెళతాడు. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ పక్కకు తిరిగిపోతుంది. వాడిలో ఆవిడకు ఏం కనిపించిందో వాడికీ అర్థం కాదు, మనకూ అర్థం కాదు. తీర్పు చెప్పకుండా పాఠకుణ్ణి బోనులో నిలబెట్టే నవల ఇది.

తెలుగులో ఆ అర ఎక్కడ?

మా తరం చందమామ, బాలమిత్ర వదిలి ఎక్కడికి వెళ్లింది? తిన్నగా అమ్మ చదివే వారపత్రికల్లోకి. యద్దనపూడి, యండమూరి, మల్లాది, మధుబాబు షాడో. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన ‘తులసిదళం’ మా కోసం రాసింది కాదు, అయినా మాదే అనుకున్నాం. హింటన్ కూడా తన వయసువాళ్ల నిజాలు చెప్పే పుస్తకాలు దొరకకే తానే రాశానని చెప్పింది. ఆవిడ రాసింది. మేం చదువుతూ ఊరుకున్నాం.

బాల్యం గురించి తెలుగులో గొప్ప పుస్తకాలున్నాయి, కాదనను. నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నేను ఎన్నిసార్లు చదివానో. ఆ యాస, ఆ ఆకలి, ఆ అమ్మలు! కానీ పిల్లవాడి గొంతులో ఎంత మునిగి చెప్పినా, వెనక ఎదిగొచ్చిన మనిషి నవ్వు సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. వాడు బయటపడ్డాడని మనకు ముందే తెలుసు. వాటి అందం అందులోనే ఉంది. నేనడుగుతున్నది ఇంకా బయటపడనివాడి కథ.

సినిమావాళ్లు ఈ పని కొంత చేశారు. 2000లో తేజ ‘చిత్రం’లో ఇంటర్ చదివే జంటకు బిడ్డ పుట్టడాన్ని కథగా చేస్తే జనం ఎగబడి చూశారు. నవలకు ఆ తెగువ రాలేదు. మన పదహారేళ్ల పిల్లల దగ్గర కథ లేక కాదు. తెల్లవారుజామున స్టడీ అవర్, ఇనప మంచాల వరస, ఆదివారం ఔటింగ్, వీకెండ్ టెస్ట్ ర్యాంకులు గోడకు అంటించే నోటీసు, సెక్షన్ మార్చి కింది బ్యాచ్‌లోకి తోసేసిన రోజు, వారానికోసారి వార్డెన్ ముందు నిలబడి ఇంటికి చేసే ఫోన్. కార్మియర్‌కు ఇందులో ఒక్క వారం ఇస్తే చాలు, ట్రినిటీ బడిని పక్కన పెట్టేవాడు. మన దగ్గర ఈ పిల్లలు పత్రికల్లోకి వచ్చేది రెండే సందర్భాల్లో: ర్యాంకు వచ్చినప్పుడు ఫుల్ పేజీ ప్రకటనలో, లేకపోతే లోపలి పేజీలో విషాద వార్తగా. మధ్యలో ఉన్న లక్షల మంది సంగతి ఎవరూ రాయరు.

రాయాల్సింది నాలాంటివాళ్లు కాదు. మేం రాస్తే మళ్లీ ముచ్చటపడుతూ రాస్తాం, చివర్లో ఒక మంచి లెక్చరర్‌ను తెచ్చి అందరి కన్నీళ్లూ తుడిపిస్తాం. ఇప్పుడు ఆ మంచాల మీద పడుకుని ఉన్న పిల్లల్లోనే ఎవరో, లెక్కల నోట్సు వెనక పేజీల్లో రాయాలి. యాస ఎలా ఉన్నా సరే, స్పెల్లింగులు నేను దిద్దిపెడతాను.

మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు ఈ మాటే మా పిల్లతో అన్నాను. ‘‘మీ హాస్టల్ మీద ఎవరైనా తెలుగులో నవల రాస్తే చదువుతావుటే?’’

కాసేపు ఆలోచించి, ‘‘మా వార్డెన్ పేరు మార్చకుండా రాస్తే చదువుతా’’ అంది. ‘‘పది కాపీలు కొంటా.’’